ఊ కొట్టేవాళ్ళు

తొక్తొసున్ ముప్పై ఒక్క చలికాలాలు
ఒకే మాటని ఏడేసిసార్లు చెప్పాడు.
"నాలుగో వంపు పైన మంచు కదులుతోంది, బండ్లు ఆపండి."
ఒకటో చౌకీకి, రెండో చౌకీకి, మూడో దానికి...
ఏడో చౌకీలో ఫోను ఎత్తేసరికి
మాట చద్దిదైపోయి ఉండేది.
కొన్నిసార్లు మాటకన్నా ముందే మంచు దిగి ఉండేది.
ఆ కొన్నిసార్ల గురించి ఆయన మాట్లాడడు.
టీలో జామ్ కలుపుకుంటూ కొండకేసి చూస్తాడు.

నేను బిష్కెక్ నుంచి వచ్చాను
మూడు అట్టపెట్టెల స్విచ్చులతో, పగిలిన పెదాలతో.
రోడ్ల శాఖ అప్పజెప్పిన పని ఒక్క ముక్కలో:
ఒకడు ఒకసారి చెప్పాలి,
అందరూ అప్పుడే వినాలి.

ఆయనకి వివరించబోయాను.
ఇది ఎవరింటి నంబరూ కాదు.
రెండువందల ముప్పైతొమ్మిదితో మొదలయ్యే చిరునామా,
గడప లేదు, తలుపు లేదు.
వినాలనుకున్నవాడు ఊ కొడతాడు.
దారి చీలేచోట స్విచ్చు ఆ ఊ గుర్తుపెట్టుకుని
మాటని రెండు చేస్తుంది,
అక్కడే, అంతకుముందు కాదు.
నీ నోటినుంచి బయల్దేరేది ఒక్కటే.
"అయితే నా గొంతు కొండమీద కవలల్ని కంటుందన్నమాట,"
అన్నాడు. నవ్వలేదు.

మొదటిరోజు మాట మొదటి గట్టు దాటలేదు.
తప్పు నాదే.
ప్రతి మాటకీ ఆయుష్షు రాసి పంపాలి.
నేను మరిచాను.
అది ఒకటితో పుట్టి
మొదటి రూటరు గుమ్మంలోనే కన్నుమూసింది.
పదహారని రాశాను.

రెండోరోజు అందరూ విన్నారు.
ఐదో చౌకీలో బెర్మెత్ తుమ్మితే
ఆరు చౌకీలు ఆయుష్మాన్ భవ అన్నట్టు నవ్వాయి.
సరిగ్గా నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.
ఆ తర్వాత ఏమీ లేదు.
మళ్ళీ మొదలెట్టాను. మళ్ళీ నాలుగు నిమిషాల ఇరవై.
కరెంటు కాదు. కేబులు కాదు.
నడుంలోతు మంచులో మూడో స్తంభందాకా పోయి
యాంటెన్నామీద గడ్డకట్టినదంతా గరిటెతో గోకాను.
గరిటె తొక్తొసున్ భార్య సైరాగుల్‌ది,
ఇంకా తిరిగివ్వలేదు.

రాత్రి పొయ్యి దగ్గర, మేజోళ్ళు ఆరబెడుతుంటే తట్టింది.
చెప్పేవాడున్నాడు. వినేవాళ్ళున్నారు.
అడిగేవాడే లేడు.
"ఇంకా వింటున్నారా?" అని ఎవరూ అడగకపోతే
వాళ్ళు ఊ కొట్టరు,
ఊ కొట్టనివాళ్ళని స్విచ్చు మరిచిపోతుంది.
దాని ఓపిక అంతే, నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.
నేనెరిగిన కొందరికి అంత కూడా లేదు.

నాలుగో చౌకీ పెట్టెకి ఆ పని అప్పగించాను.
రెండు నిమిషాల అయిదు సెకన్లకోసారి
అలుపు లేకుండా అడుగుతుంది.
గంట గడిచింది. మాట తెగలేదు.

ఏడో చౌకీ కాపలాదారు చొల్పొన్‌బయ్
కాలు విరిగి దిగువకి పోయాడు.
తాళం వేసిన గదిలో పెట్టె ఆరిపోయి ఉంది.
"అటు ఎవరూ లేరుగా, మాట అటు పోదు,"
అన్నాను, కాస్త గర్వంగానే.
"వినేవాడు లేని దారిలో అది అడుగుపెట్టదు. పొదుపు."
తొక్తొసున్ టీ గిన్నె కిందపెట్టాడు.
"ఏడో చౌకీకి మాట పోకపోవడం
నేనొకసారి చూశాను."

మర్నాడు మంచుబండి తనే తోలుకుంటూ పైకి పోయాడు.
చీకటి పడ్డాక దిగాడు,
కనుబొమలనిండా తెలుపు.
ఏం చేశావని నేనడగలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆయన చెబుతాడు:
పడమటి గాలి, రొట్టెల లారీ బయల్దేరింది,
నాలుగో వంపు నిలకడగా ఉంది.
ఆరుగురు మనుషులు వింటారు.
పైన ఒక చల్లారిన పొయ్యి, మేకుకి వేలాడే కెటిల్,
మడతపెట్టిన దుప్పటి కూడా వింటాయి.

నేను తెరమీద చూస్తూంటాను.
రెండు నిమిషాల అయిదు సెకన్లకి
ఏడో చౌకీ నుంచి
ఊ.